చిన్న స్టూడియోకు లినక్స్ చాలు, ఇక వాయిదా వద్దు

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లతోనే నడుస్తున్న స్టూడియోలు నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉన్నాయి. ఓ గదికి ఫోమ్ షీట్లు అంటించి, మాలలు వేసుకునే కాలంలో భజన పాటలు, ఎన్నికలప్పుడు ప్రచార పాటలు తీసే వాళ్లకు ఇప్పుడు రెండు దారులున్నాయి. కొత్త మిషన్ కొనడం ఒకటి, ఉన్నదాని మీద విండోస్ బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసుకోవడం ఇంకొకటి. రెండోది అనగానే, లినక్స్‌లో సౌండ్ తెగిపోతుందనే మాట వస్తుంది. ఆ మాటకు కాలం చెల్లింది.

ఒకప్పుడు అది నిజమే. లినక్స్‌లో రికార్డింగ్ శబ్దాన్ని చూసుకునే జాక్ నడుస్తుంటే, బ్రౌజరు లాంటి మామూలు ప్రోగ్రాముల శబ్దాన్ని చూసుకునే పల్స్‌ఆడియో మూగబోయేది. బ్రౌజరులో పాట వింటూ పక్కన రికార్డింగ్ చేయాలంటే తలనొప్పి. ఆ రెండింటి పనీ ఇప్పుడు పైప్‌వైర్ ఒక్కటే చేస్తోంది, 2023 నవంబరులో 1.0 వెర్షన్ కూడా దాటింది. శబ్దం పని ఆలస్యం లేకుండా వేళకు జరిగే రియల్‌టైమ్ కోసం కెర్నెల్‌కు, అంటే లినక్స్ మూల ప్రోగ్రామ్‌కు, విడిగా ప్యాచ్ వేసుకునే అవసరం కూడా 2024 నవంబరు నాటి 6.12 కెర్నెల్‌తో తీరిపోయింది. అసలు మామూలు కెర్నెల్‌నే బూట్‌లో ప్రీఎంప్ట్ ఫుల్ (preempt=full) అని పెట్టి నడిపితే చిన్న స్టూడియో పనికి సరిపోతుంది.

మరి ఇప్పటికీ టిక్ టిక్ అని వినిపిస్తోందంటే, తప్పు దాదాపు ఎప్పుడూ సెట్టింగులదే. ముందుగా యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చాలి. ఆ గ్రూపుకు లిమిట్స్ ఫైలులో ఆర్‌టీ‌ప్రయో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్ ఇచ్చి (అంటే శబ్దం పనికి ముందు వరస, మెమరీలో పదిలమైన చోటు), లాగవుట్ అయి మళ్లీ రావాలి. చాలామంది లాగవుట్ కారు, పనిచేయలేదని వదిలేస్తారు. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సీపీయూ గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌లో పెట్టాలి. పవర్‌సేవ్‌లో ఉంటే ప్రాసెసర్ వేగం తగ్గిన క్షణంలో శబ్దం తెగొచ్చు. మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్‌ను హబ్‌కు కాకుండా నేరుగా మదర్‌బోర్డు పోర్టుకే తగిలించాలి, అదీ పొట్టి కేబుల్‌తో. రికార్డింగ్ వేళ వైఫై ఆపేయాలి. ఇంత చేశాక టెర్మినల్‌లో పైప్‌వైర్ పనితీరు చూపే పీడబ్ల్యూ-టాప్ (pw-top) తెరిచి, తప్పుల గడిలో అంకె పెరుగుతోందా అని చూడాలి. పెరుగుతుంటే ఏ ప్రోగ్రామ్ ఆలస్యం చేస్తోందో ఆ వరసే చెబుతుంది. ఇంత సూటిగా దోషి పేరు చెప్పే పనిముట్టు దీంతో పాటే ఉచితంగా వస్తోంది.

బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క, సంగతిలోనూ తొందర అక్కర్లేదు. అది చిన్నదైతే ఆలస్యం తగ్గుతుంది, కంప్యూటర్‌కు పని పెరుగుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు. కీబోర్డ్ వాయించేటప్పుడు అది కావాలి. గొంతు తీసుకునేటప్పుడు గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్లలో వినిపించేలా ఇంటర్‌ఫేస్‌లోనే డైరెక్ట్ మానిటర్ నొక్కితే 512 ఉన్నా గాయనికి తేడా తెలియదు. మిక్సింగ్‌కు 1024 పెట్టేయండి. అన్నిటికీ 64 పెట్టి, సిస్టమ్ మొరాయిస్తోందని తిట్టడం అన్యాయం.

మన ఊళ్లకు ఇంతకంటే ముఖ్యమైనది కరెంటు. టేకు మధ్యలో కరెంటు పోయిందనుకోండి. లినక్స్‌లో రికార్డింగ్ చేసే ఆర్డర్ (Ardour) అనే ప్రోగ్రామ్‌ను మళ్లీ తెరవగానే, రికార్డింగ్ నడుస్తుండగా ఆగినట్టుంది, దొరికిన ఆడియోను తిరిగి తెమ్మంటారా అని అడుగుతుంది. ఇంకో రికార్డింగ్ ప్రోగ్రామ్ రీపర్ లినక్స్‌కే తయారైన రూపంలో దొరుకుతుంది, చిన్న సంస్థలకు లైసెన్సు 60 డాలర్లు. రికార్డింగ్ ప్రోగ్రామ్‌కు తగిలించుకునే ప్లగిన్లలో సర్జ్ ఎక్స్‌టీ సింథ్, ఎల్‌ఎస్‌పీ ఎఫెక్టులు ఉచితం. ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ దగ్గర కొరత లేదు.

కొరత ఉన్నచోటు వేరు. కొన్ని కొనుక్కునే ప్లగిన్లకు కావాల్సిన ఐలాక్ లైసెన్సు లినక్స్‌లో లేదు, వేవ్స్ ప్లగిన్లు లేవు, వాయిద్యాల శాంపిళ్లు వాయించే కాంటాక్ట్ లేదు. వీణ, నాదస్వరం శాంపిళ్లకు కాంటాక్ట్ మీదే బతికే కీబోర్డ్ ప్లేయర్‌కు ఇది నిజమైన నష్టం. విండోస్ ప్లగిన్లను లినక్స్‌లో నడిపించే యాబ్రిడ్జ్‌తో కొన్నిటిని నడపొచ్చు గానీ, దానికి ఆధారమైన వైన్ ప్రోగ్రామ్‌ను 9.21 వెర్షన్ దగ్గరే ఆపాలి. ఆపై వెర్షన్లలో ప్లగిన్ విండోలో ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతుంది. రోజూ సినిమా సెషన్లు చేసేవాళ్లు మారొద్దు. కానీ చెన్నైకో హైదరాబాదుకో ట్రాకులు పంపాలంటే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లు చాలు. ఏ సిస్టమ్‌లో తీసినా అవి అవే.

ఇక ఎవరూ పైకి అనని సంగతి. లినక్స్ కుదరదనే చాలామంది వాడుతున్నది కొన్న సాఫ్ట్‌వేర్ కాదు, క్రాక్. అందుకే ఇంటర్నెట్ తీసేసి, యాంటీవైరస్ ఆపి, అప్‌డేట్ రాకూడదని దండం పెట్టుకుంటూ పని చేస్తున్నారు. హార్డ్‌డిస్క్ పోతే ఆ క్రాక్ మళ్లీ దొరకదు, పాత ప్రాజెక్టు తెరుచుకోదు. దీన్ని స్థిరత్వమని ఎలా అంటాం?

పోయేది ఆ ఒక్క స్టూడియో సొత్తయితే అక్కడితో వదిలేయొచ్చు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల హరికథలు, బుర్రకథలు, తోలుబొమ్మలాట పాటలు పాడే పెద్దవాళ్ల గొంతులు ఇలాంటి గదుల్లోనే పడుతున్నాయి. చివరికి మిగిలేది యూట్యూబ్‌లో నొక్కుకుపోయిన ఆడియో. విడి ట్రాకులు ఎవరూ తెరవలేని ప్రాజెక్టు ఫైలులో చచ్చిపోతున్నాయి. ఆర్డర్ సెషన్ ఫైలు మామూలు ఎక్స్‌ఎంఎల్. ఏ ముక్క ఎక్కడ మొదలైందో అందులో అక్షరాల్లో రాసి ఉంటుంది, ఆడియో పక్క ఫోల్డరులో విడి విడి వేవ్‌లుగా ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆర్డర్ లేకపోయినా ఆ పాటను మళ్లీ పేర్చుకోవచ్చు.

నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టారు. ఆ పేరున్న చోట రికార్డింగ్ కూడా పాఠంగా ఉండాలి. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ ఒకటి, మైకులు రెండు, ఉబుంటు స్టూడియో అనే లినక్స్ వేసిన పాత కంప్యూటర్ ఒకటి చాలు. సాంస్కృతిక శాఖ డబ్బుతో జరిగే ప్రతి రికార్డింగ్ ఒప్పందంలోనూ విడి ట్రాకుల వేవ్‌లు, టెంపో, శృతి రాసిన కాగితం అప్పగించాకే చివరి బిల్లు చెల్లిస్తామని రాయాలి.