మెలాక్సికామ్‌కు ముందు రక్తపరీక్ష
కుక్కల తుంటి కీళ్లనొప్పికి మెలాక్సికామ్ అనే నొప్పి, వాపు తగ్గించే మందు వాడవచ్చని ఒక వ్యాసంలో చక్కగా వివరించారు గానీ, దానికి ముందు మూత్రపిండాలు, కాలేయం పనితీరు తెలిపే రక్తపరీక్ష చేయించాలన్న మాట కూడా చేర్చి ఉంటే బాగుండేది. మా తొమ్మిదేళ్ల లాబ్రడార్ టైల్స్ నేల మీద వెనుక కాళ్లు జారిపోతుంటే ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ లేచేది. పరీక్ష చేశాకే వైద్యుడు మొదటి రోజు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున, అన్నం పెట్టాక వేయమన్నారు. వారం తిరక్కముందే అది గుమ్మం దాకా ఎదురొచ్చింది. ఇంట్లో ఉన్న, మనుషులు వాడే నొప్పి మందు ఐబుప్రొఫెన్ బిళ్లను సగం చేసి వేసేవారిని చూశాను. అది కుక్కల కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కనుక దయచేసి ఆ పని చేయకండి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌తో మెలాక్సికామ్ కలిపి ఇవ్వడమూ ప్రమాదకరమే. వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే మందు ఆపి వెంటనే వైద్యుడికి చూపించాలి.