లాబ్రడార్ వంశప్రతిష్ఠకు విశాఖ తీరంలో వాటిల్లుతున్న హాని

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో, వాహనాలను ఆపి రోడ్డును నడకకు విడిచిపెట్టే ఉదయపు వేళ, సంఘమర్యాదకు తీరని విఘాతం కలుగుతున్నదని అధికారుల దృష్టికి తేవడం మా కర్తవ్యం. మా అపార్ట్‌మెంటుకు చెందిన, తాతముత్తాతల పేర్లతో సహా కెన్నెల్ క్లబ్ ధ్రువపత్రం గల, ఏడాదైనా నిండని ఒక లాబ్రడార్, గొలుసు విప్పిన మరుక్షణమే కురుసుర జలాంతర్గామి ఎదుటి ఇసుకలోకి దూకి, తండ్రి ఎవరో తెలియని నాలుగు బీచ్ కుక్కలతో పొర్లాడుతున్నది.

ఆ ఆటలోని పద్ధతులు మరింత ఆందోళనకరం. ముందుకాళ్లు నేలకు ఆన్చి, వెనుకభాగం పైకెత్తి వంగడం ఆటకు ఆహ్వానమట. అపార్థానికి తావిచ్చే కొరుకుళ్లకు ముందో వెనుకో కుక్కలు ఇలా వంగి, ఇదంతా ఆటేనని గుర్తుచేస్తాయని అమెరికా శాస్త్రజ్ఞుడు మార్క్ బెకాఫ్ 1995లో రాశారు. మా అపార్ట్‌మెంటు సంఘం సర్వసభ్య సమావేశాల్లోనూ కరిచేముందు వంగి నమస్కరించే ఆచారం ఉన్నది గాని, ఆ తరువాత నిజంగానే కరుస్తారు. నమస్కారానికి గౌరవం నిలిచేది అప్పుడే. అంతకంటే ఘోరం, వాటిలో అన్నిటికంటే బలిష్ఠమైన నల్లకుక్క మా పిల్లకుక్క ముందు వెల్లకిలా పడుకుని, కావాలని ఓడిపోతున్నది. మన పిల్లలు ఈ దురలవాటు నేర్చుకుంటే కోచింగ్ సంస్థల గతి ఏమిటి?

ఇక వంశం సంగతి. కెనడాకు చెందిన న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలరులకు వలతాళ్లు, జారిపోయిన చేపలు నీటిలోంచి తెచ్చిపెట్టిన కుక్కలే లాబ్రడార్ జాతికి మూలమని, ఇంగ్లండు ప్రభువులు వాటిని పెంచి వృద్ధిచేశాక 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ ఆ జాతిని గుర్తించిందని కొందరు పనిగట్టుకుని చెబుతుంటారు. మావాడు ఒడ్డున ఆరేసిన వలల దగ్గరకు పరుగెత్తి, కుళ్లిన చేప మీద దొర్లి రావడం కులవృత్తి మీది మమకారమేనని వారి వాదన. దీనిని మేము ఖండిస్తున్నాము. గొప్ప వంశాలను గొప్పదనం వచ్చిన నాటి నుంచే లెక్కించాలి. అంతకుముందు సంగతులు తవ్వడం మర్యాదస్తుల ఇళ్లలో లేదు. (తవ్వడమంటే గుర్తుకొచ్చింది: ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో కుక్కలను కట్టివేయాలన్నది న్యాయమైన కోరికే, కాని అందులో వంశప్రసక్తి లేనందున మా సంఘం చర్చకు తీసుకోలేదు.)

బీచ్ కుక్కలకు కత్తిరించిన చెవే సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగినట్టు గుర్తు కనుక, సర్కారు ముద్రను ఒంటి మీదే మోసే వాటి పత్రం బీరువాలో దాచిన మా పత్రం కంటే గట్టిదని ఒక న్యాయవాది మిత్రుడు అన్నారు. ఆయనను సంఘం వాట్సాప్ గ్రూపు నుంచి తొలగించాము.

కావున ధ్రువపత్రం గల కుక్కలకు తీరంలో ప్రత్యేక ఇసుక కేటాయించాలి. అక్కడ అవి పొట్టి గొలుసులతో దూరదూరంగా నిలబడి ఉంటే, వాటిని ఎంతకు కొన్నదీ యజమానులు ఒకరినొకరు తీరికగా అడిగి తెలుసుకోవచ్చు. అలాగే, ఆట మధ్యలో మావాడు ఉప్పునీళ్లు తాగివచ్చి మా లిఫ్టులో కక్కినందుకైన శుభ్రతా ఖర్చును ఆ నాలుగు బీచ్ కుక్కల నుంచి సమాన భాగాలుగా వసూలు చేసి, రసీదు ఇప్పించవలసినదిగా కోరుతున్నాము.