అరకు కొండల పాత టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం): ఎంతవరకు నమ్మొచ్చు?

వాదాంశం: విశాఖ ఏజెన్సీ లాంటి అడవి కొండల్లో ప్లేన్ టేబుల్‌తో (కాగితం పరిచిన బల్లను కొండ మీదే నిలిపి) గీసిన మైలుకు అంగుళం పటాలు మేలా, విమాన ఫోటోల నుంచి గీసినవా? (అరకు పడేది 65 జె/15 నంబరు షీటులో.)

ఫోటో వాది: 50 అడుగులకో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) గీశారు. ప్రతి గీత వెంటా నడిచారా? లేదు. ఎత్తు తెలిసిన కొన్ని చోట్ల మధ్య మిగతాదంతా కంటి అంచనాయే కదండీ!

బల్ల వాది: ఆ కొన్ని చోట్లూ ఊరికే రాలేదండీ. త్రికోణ సర్వేలో చోటూ ఎత్తూ ముందే లెక్కగట్టిన శిఖరాలు కాగితం మీద ఉంటాయి. సర్వేయరు బల్లను సమంగా నిలిపి, దిక్సూచితో దిశ సరిచూసి, మూడు శిఖరాలకు సైట్‌రూల్ (గురిచూసే స్కేలు) పెట్టి వెనక్కి గీతలు లాగుతాడు. అవి కలిసేదే అతను నిలబడ్డ చోటు. మూడూ కలవకుండా చిన్న త్రిభుజం మిగిలితే బల్లను రవ్వంత తిప్పి, అది చుక్కయ్యేదాకా సరిచేస్తాడు. ఆ తర్వాతే క్లైనోమీటరు (వాలు కోణం కొలిచే పరికరం): మైలు దూరాన 3 డిగ్రీలంటే 277 అడుగుల ఎత్తు.

ఫోటో వాది: 10 నిమిషాల కోణం తప్పితే? మైలుకు 15 అడుగులు, 5 మైళ్లకు 77. ఒకటిన్నర కాంటూరు గల్లంతు! భూమి వంపు, గాలిలో కాంతి వంపు కలిపిన సవరణ మరిస్తే ఇంకో 14. పైగా ఆ మూడు శిఖరాల గుండా పోయే వృత్తం మీదే సర్వేయరు నిలబడితే, బల్ల దిశ తప్పినా గీతలు చక్కగా కలుస్తాయి. చోటు మాత్రం తప్పు.

బల్ల వాది: నాలుగో శిఖరం చూసేది అందుకే. ఎత్తు కూడా రెండు మూడు చోట్ల నుంచి తీస్తారు. మరి మీ విమాన ఫోటోలు? ఒకదానిపై ఒకటి 60 శాతం పడేలా తీసి, జంటగా స్టీరియోలో (ఎత్తు తెలిసేలా) చూస్తే కనిపించేది చెట్ల కొసలు. 60 అడుగుల చెట్లుంటే కాంటూరు ఒక మెట్టు పైకి. పక్కనే పోడు కొట్టిన చోట నేల తగులుతుంది. ఆ అంచున లేని గట్టు పుడుతుంది!

ఫోటో వాది: పోడు అంచునే చెట్టెత్తు కొలిచి తీసేస్తాం. గట్టు మీద నిలబడ్డ మీ సర్వేయరుకు లోయలో గెడ్డ (వాగు) మలుపులు కనబడవు, నున్నగా గీసేస్తాడు.

బల్ల వాది: మలుపులు మీవే తీసుకోండి. ఆ గెడ్డ పేరేమిటో, వేసవిలో పారుతుందో లేదో ఫోటో చెప్పదు. దిగి అడగాల్సిందే.

ఫోటో వాది: పేర్లు మీవే ఉంచుతాం. కానీ ఆ షీటును జీపీఎస్ మీద నేరుగా వేయకండి. పాత పటాలు వాడిన ఎవరెస్ట్ డేటమ్ (భూమి ఆకారపు కొలమానం) జీపీఎస్‌ది కాదు; ఆ తేడాకే చోటు వంద మీటర్లకు పైగా జరుగుతుంది.

బల్ల వాది: ఆ తేడా ఒక షీటంతటా దాదాపు ఒకటే, సవరించొచ్చు. ముందు కాగితం సంగతి చూడండి: ఈ షీటు ఉత్తర దక్షిణాలు 17.2 అంగుళాలు ఉండాలి, అంత రాకపోతే అది ముడుచుకున్నట్టే.