సవరణ: ఐదు అక్షరాలే, ధ్వనులు కావు

పెదవాల్తేరులో సాయంత్రం పిల్లలకు చదువు చెబుతున్న సంగతి మొన్న రాస్తూ, ‘ఇంగ్లీషులో అచ్చులు ఐదే, మనవాళ్లకు సులువు’ అన్నాను. అది నా పొరపాటు. ఐదు అన్నది అక్షరాల లెక్క. బ్రిటిష్ ఉచ్చారణలో అచ్చు ధ్వనులు దాదాపు 20 అని ధ్వనిశాస్త్ర పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ ఐదింటిలో మొదటిదైన ‘ఎ’ (a) అక్షరాన్నే చూడండి: క్యాట్, కేక్, కార్, బాల్. నాలుగు చోట్ల నాలుగు పలుకులు. చివరి రెండూ తెలుగు లిపిలో ఒకేలా కనిపించినా నోట ఒకటి కావు. కాబట్టి అక్షరం పేరు వల్లె వేయించే ముందు ధ్వని వినిపించాలి.

క్యాట్‌లోని ధ్వని మాత్రం మన పిల్లలకు కొత్త కాదు. ‘మేడ’, ‘మేడి’ పక్కపక్కన పలికించండి. మేడలో అదే సాగి వినిపిస్తుంది. దానికి మన లిపిలో వేరే అక్షరం లేదు, అంతే.

నా మాట నమ్మి గోడపట్టిక రాసుకున్నవారు ‘అచ్చులు’ అన్నచోట ‘అచ్చు అక్షరాలు’ అని దిద్దుకోండి.