శ్రమకాలంలో పాత పుస్తకాలు: సంఘ కమిటీలకు ఒక హెచ్చరిక

కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల సంఘ కమిటీలు వెంటనే కళ్లు తెరవాల్సిన విషయం ఒకటుంది. ఈమధ్య కొందరు విశ్వాసులు ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమకాలపు నలభై రోజులూ ఆదిమ సంఘ పితరుల, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుల, రాతలు చదువుతామని బయల్దేరారు. యవ్వనస్థులైతే ఏకంగా ఫోన్లోకే దించుకుంటున్నారు. చనిపోయి పదిహేను వందల ఏళ్లు దాటినవాళ్లు మనల్నేం చేస్తారులే అని పెద్దలు ఊరుకుంటున్నారు. అక్కడే దెబ్బ తింటున్నాం.

ఉపవాసం సంగతే చూడండి. మన ఉపవాస కూడికకు ఒక పద్ధతుంది. పొద్దుట టిఫిన్ మానేస్తాం, మధ్యాహ్నం దాకా పాటలు పాడతాం, చివరి ఆమేన్ వినపడకముందే పొంగలి పొట్లాలు విప్పుతాం. రెండో శతాబ్దంలో రోములో హెర్మాసు రాసిన ‘కాపరి’ అనే పుస్తకం ఈ ఏర్పాటును పాడుచేస్తుంది. ఉపవాసం రోజు రొట్టె, నీళ్లు తప్ప ఇంకేం ముట్టకూడదట. పోనీ అంతటితో ఆగాడా? ఆ రోజు తినాల్సిన కూరలకు ఎంతయ్యేదో లెక్కగట్టి, ఆ డబ్బు విధవరాలికో, అనాథకో, లేనివాడికో ఇవ్వాలట. ఇది నెల్లూరులో జరిగే పనేనా? శ్రమకాలం వచ్చేదే పుల్లమామిడి దిగే రోజుల్లో. కిలో బొమ్మిడాయిలు, రెండు మామిడికాయలు, చింతపండు, గరిటెడు నూనె. రాత్రంతా ఊరి మర్నాటికి పులుసు పట్టే రుచికి వేరే ధర కట్టాలి. ఇంటింటా ఈ చిట్టా మొదలైతే, ఈస్టర్ నాటికి వీధిలో విధవరాళ్లు వచ్చి మా బాకీ ఎంత తేలిందని అడుగుతారు.

అంతియొకయ పట్టణపు ప్రసంగీకుడు క్రిసోస్టమ్ ఇంకా మొరటు మనిషి. 387లో అంతియొకయ జనం పన్నుల మీద మండిపడి చక్రవర్తి విగ్రహాలు పడగొట్టారు. ఏం శిక్ష పడుతుందోనని ఊరంతా వణుకుతున్న ఆ శ్రమకాలంలో ఆయన ప్రసంగాలు మీద ప్రసంగాలు చేశాడు. చేపల్నీ పక్షుల్నీ మానేసి తోటి సహోదరుణ్ణి కొరుక్కు తింటే ఏం లాభమని నిలదీశాడు. ఈస్టర్ తర్వాత కమిటీ ఎన్నికలున్న సంఘాలు ఈ పేజీ దాచేయడం మంచిది.

పనికొచ్చే ముక్క లేకపోలేదు. ఐదో శతాబ్దపు సంఘ చరిత్రకారుడు సోక్రటీసు, శ్రమకాలంలో ఎవరెవరు ఏం మానేవారో రాశాడు. కొందరు ప్రాణమున్నదేదీ ముట్టరు, కొందరు చేపలు మాత్రం తింటారు. ఇంకొందరు కోళ్లు, పక్షులు కూడా లాగించేస్తారు. మోషే లెక్క ప్రకారం అవీ నీళ్లలోంచే పుట్టాయి కదా అని వాళ్ల వాదన. దీన్ని నిర్భయంగా ఫ్లెక్సీ వేయించుకోవచ్చు.

ప్రకాశం వైపు బాసిల్‌ను రానివ్వకూడదు. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్పు. లూకా సువార్తలో ‘నా కొట్లు విప్పి గొప్పవి కట్టిస్తా’నన్న ధనవంతుడి మీద ఆయన చేసిన ప్రసంగం ఒకటుంది. నువ్వు దాచుకున్న రొట్టె ఆకలిగొన్నవాడిది, పెట్టెలో పెట్టిన బట్ట బట్టలేనివాడిది, మూలన పడి పాడైపోతున్న చెప్పులు చెప్పుల్లేనివాడివి అంటాడు. పొగాకు కాల్చే కొట్లు, అదే బ్యారన్లు, ఉన్న ఊళ్లలో, అదీ వేలం సీజన్లో, ఇలాంటివి చదివితే కానుకల పెట్టె ఏమైపోవాలి?

చదివి తీరతామని మొండికేసేవాళ్లకు విరుగుడుంది. అగస్టీను ‘దేవుని పట్టణం’ చేతిలో పెట్టండి. 22 పుస్తకాలు. ఆరు, ఏడు పుస్తకాల్లో వర్రో అనే రోమా పండితుడి దేవతల పట్టీని ఆయన ఒక్కొక్కటే విప్పి ఖండిస్తాడు. అక్కడికొచ్చేసరికి ఎంతటివాడికైనా కునుకు పడుతుంది. రెండో శతాబ్దపు తొలినాళ్ల బిషప్పు ఇగ్నేషియస్ కావాలంటే పాతకాలపు ఇంగ్లీషు అనువాద సంపుటమే ఇవ్వాలి. ఆయన ఉత్తరాలు నిజానికి ఏడు. రోజుకొకటి హాయిగా అయిపోతాయి. ఆ సంపుటంలో మాత్రం అసలు పాఠమూ, తర్వాతివాళ్లు పెంచి రాసిన పాఠమూ పక్కపక్కనే ఉంటాయి. ఆయన పేరు పెట్టి ఇంకెవరో రాసిన ఉత్తరాలు వెనకాల వరుసగా వస్తాయి. ఏది ఎవరిదో తేలకముందే ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం వచ్చేస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం డిడాకే అనే తొలి క్రైస్తవుల నియమాల పుస్తకం. 1873లో కాన్‌స్టాంటినోపుల్లో బ్రియెన్నియోస్ అనే గ్రీకు పండితుడి కంటబడకుండా ఉంటే అందరం బాగుండేవాళ్లం. ఉన్నవి 16 చిన్న అధ్యాయాలు. బాప్తిస్మం పారే నీళ్లలో ఇమ్మంటుంది. ఇందులో మనకు ఇబ్బంది లేదు, 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చిన చరిత్ర మనది. కానీ ఇచ్చే అయ్యగారు కూడా ముందు ఉపవాసముండాలట! దాన్నలా ఉంచి, 11వ అధ్యాయం వినండి. ఊరూరా తిరిగే అపొస్తలుడు ఒక్కరోజే ఉండాలి, అవసరమైతే రెండు. మూడో రోజూ ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారికి రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మవశుడై విందు పెట్టమని చెప్పి, అందులో తానే తిన్నా అబద్ధ ప్రవక్తే. మన ముఖ్య ప్రసంగీకుల్ని ఇంత అవమానించిన పుస్తకం ఇంకోటి లేదు. అదృష్టవశాత్తూ 13వ అధ్యాయంలో, నిజమైన ప్రవక్త స్థిరపడితే ప్రథమ ఫలాలు ఆయనకే ఇమ్మని ఉంది. పుస్తకం అక్కడ మొదలుపెట్టి అక్కడే మూసేస్తే గండం గడుస్తుంది.

అంత తేలిగ్గా వదలరనుకోండి. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు, రోజుకు నాలుగు అధ్యాయాలు. ఎవరైనా ఇలాగే పంచుకుంటారు. అంటే 11వ అధ్యాయం శుక్రవారం పడుతుంది. కాబట్టి ప్రత్యేక కూడికలు ఆ వారం పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే, దైవజనుల తిరుగు టికెట్ రెండో రోజు రాత్రికే తీసి ఉంచండి. దారి ఖర్చుల కవరు మాత్రం ఆయన నోరు తెరిచి అడగకముందే జేబులో పెట్టేయాలి.