బిన్నా అంటే ఎంత బిన్నా?

తిరుపతిలో ఇంజినీరింగ్ ప్రాజెక్టుల ప్రదర్శన ఉన్న వారం ఫ్లెక్సీ అంగళ్లకు పండగ. ప్రతి ఫ్లెక్సీ మీదా ఒక రాకెట్, రాకెట్ తోకమంటలో ఒక అంకె. "మా జిట్‌తో పైథాన్ 1000 రెట్లు వేగం!" జిట్ అంటే ప్రోగ్రాం నడుస్తుండగానే దాన్ని మిషన్ భాషలోకి మార్చి వేగం పెంచే కంపైలరు; అది లేకపోతే ఇంటర్‌ప్రెటర్ ఒక్కో ఆదేశాన్నీ చదువుకుంటూ నడుపుతుంది. ఆ 1000 యాడ్నించి వచ్చిందని అడిగే కుసంస్కారం మన ఊళ్లో ఎవరికీ లేదు. అందుకే అది వచ్చిన దారిని భక్తిశ్రద్ధలతో ఇక్కడ రాసి పెడుతున్నాం. రాబోయే బ్యాచీలకు పనికొస్తుంది.

మొదట కొలవడానికి ఒక లూపును, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ తిప్పే ముక్కను, ఎన్నుకోవాలి. నిజం ప్రోగ్రాములు ఫైళ్లు చదువుతాయి, డేటాబేసు జవాబు కోసం గుమ్మంలో కాచుక్కూచుంటాయి, స్ట్రింగులు విరిచి అతికిస్తాయి. అలాంటి సంసార పక్షం ప్రోగ్రాములు మనకొద్దు. 1 నుంచి 10 కోట్ల దాకా కూడే లూపు కావాలి. ఏ బ్యాంకులోనూ, ఏ ఆస్పత్రిలోనూ ఆ కూడికతో ఎవరికీ పని పడలేదు కాబట్టి పోటీ ఉండదు.

పరీక్షకుడు సారు వస్తారు, మెడలో శాలువాతో. విద్యార్థి ముందు మామూలు పైథాన్ నడుపుతాడు. సెకన్లు గడుస్తాయి. సారు ఫ్యాను వైపు చూస్తారు. తర్వాత నంబా అనే పైథాన్ జిట్ తగిలించిన అదే ఫంక్షన్. ఎంటర్ కొట్టీ కొట్టకముందే జవాబు.

"అయిపోయిందా?"

"అయిపోయింది సార్."

"అంత బిన్నానా?"

"బిన్నా అంటే అట్లాంటి ఇట్లాంటి బిన్నా కాదు సార్. టైమరుకే చిక్కలే. 0.0 అని పడింది."

"మరి సున్నాతో భాగిస్తే ఎన్ని రెట్లప్పా?"

"జీరో డివిజన్ ఎర్రర్ వచ్చింది సార్. ఫ్లెక్సీలో ఎర్రర్ అని వేస్తే బాగుండదని వెయ్యి వేసినాము."

సారు తల ఊపి పక్క స్టాలుకు జరుగుతారు. దర్శనంలో జరిగినట్టే, ఎవరూ నెట్టకుండానే.

ఆయన ఇంకొక్క నిమిషం నిలబడి "ఆ 10 కోట్లను 100 కోట్లు చెయ్యి నాయనా" అని ఉంటే రాకెట్ అక్కడే కూలేది. మామూలు పైథాన్‌కు పదింతల సమయం పడుతుంది. నంబాకు మాత్రం ఎంత పట్టిందో అంతే పడుతుంది, ఎందుకంటే లోపల లూపు తిరగనే లేదు. నంబా కింద ఉండే ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలరు ఆ లూపును ఒక చూపు చూసి, ఎన్‌ని ఎన్ ప్లస్ ఒకటితో గుణించి రెండుతో భాగిస్తే సరిపోతుందని తేల్చేసింది. పదో తరగతి శ్రేఢుల లెక్క. ఒకాయన అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి కొండకు చేరాడు. ఇంకొకాయన కింద కొబ్బరికాయల అంగడిలో "మెట్లు ఎన్నన్నా?" అని అడిగి, 3550 అని కాగితం మీద రాసుకుని ఇంటికెళ్లాడు. ఇద్దరి సమయాలూ పోల్చి, రెండో ఆయన కాళ్లు వెయ్యి రెట్లు గట్టివని ఫ్లెక్సీ వేయించాం.

కూడిన జవాబును ఎక్కడా వాడకపోతే కంపైలరుకు ఇంకా సులువు, లూపు మొత్తాన్నే పీకి పారేస్తుంది. జావాలో వేగం కొలిచేవాళ్లు జేఎంహెచ్ అనే కొలత పనిముట్టు వాడేదీ, అందులో జవాబులు మింగడానికి బ్లాక్‌హోల్ అని ఒకటి పెట్టిందీ ఇందుకే. అదేమీ అంతరిక్ష పరిశోధన కాదు.

ఇక వార్మప్. జిట్ మొదటి కాల్ నుంచే వేగంగా పరుగెత్తదు. జావాను నడిపే హాట్‌స్పాట్‌లో డిఫాల్టుగా ఒక మెథడ్‌ను సుమారు 200 సార్లు పిలిచాక చిన్న కంపైలరు నిద్ర లేస్తుంది, 5000 దాటాక పెద్ద కంపైలరు కళ్లు నులుముకుంటుంది. అప్పటిదాకా పనీ నడవాలి, కంపైలూ జరగాలి. మనవాళ్ల రిపోర్టుల్లో ఈ సమయం కనపడదు. "సర్వదర్శనానికి ఎంతసేపు పట్టింది?" అని అడిగితే "స్వామి ముందర రెండు క్షణాలు" అన్నట్టు. కంపార్టుమెంటులో కూర్చున్న గంటలు, పిల్లోడి ఏడుపు, మధ్యలో వచ్చిన పాలు, ఉప్మా అన్నీ వార్మప్ కింద కొట్టేశారు. అంకె అబద్ధం కాదు, స్వామి ముందర నిజంగా రెండు క్షణాలే. రోజుల తరబడి నడిచే సర్వరుకైతే వార్మప్‌ను పక్కన పెట్టడం న్యాయమే. రెండు సెకన్లు బతికి చచ్చిపోయే స్క్రిప్టుకు బతుకంతా కంపార్టుమెంటులోనే. కొలిచింది వీటిలో దేన్నో ఒక్క వాక్యం రాస్తే అరిగిపోతామా?

పైగా వార్మప్ అయ్యాక అన్నీ నిలకడగా పరుగెత్తుతాయన్న నమ్మకమొకటి. 2017లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు చిన్న చిన్న బెంచ్‌మార్కులను (వేగం కొలిచే ప్రోగ్రాములను) ఒక్కో ప్రాసెస్‌లో, అంటే కొత్తగా మొదలుపెట్టిన ఒక్కో నడకలో, 2000 సార్లు, అలాంటి ప్రాసెస్‌లు 30 నడిపి చూశారు. ప్రతిసారీ అత్యధిక వేగానికి చేరి అక్కడ నిలబడినవి గరిష్ఠంగా 43.5 శాతం జతలే (ఒక బెంచ్‌మార్కు, దాన్ని నడిపే వర్చువల్ మెషీన్ కలిస్తే ఒక జత). కొన్నైతే నడిచేకొద్దీ నెమ్మదించాయి. మన స్టాలులో మాత్రం ఒక ప్రాసెస్, ఒక పరుగు, ఒక ఫోటో. జేఎంహెచ్ డిఫాల్టుగా 5 ప్రాసెస్‌లు, ఒక్కోదాంట్లో 10 సెకన్ల వార్మప్‌లు 5, 10 సెకన్ల కొలతలు 5 నడుపుతుంది. అంటే ఒక్క బెంచ్‌మార్కుకు 500 సెకన్లు. అంతసేపు ఆగేవాడు కొండకే నడిచి పోతాడు గానీ ప్రదర్శనకెందుకు వస్తాడు?

చిన్న చిట్కాలు ఇంకొన్ని ఉన్నాయి. పోటీగా తప్పులు వెతకడానికి కట్టిన, నెమ్మదిగా నడిచే డీబగ్ బిల్డ్ పైథాన్‌ను నిలబెట్టడం, లేదా జావాను జిట్ ఆపేసే ఎక్స్‌ఇంట్ ఆప్షన్‌తో కాళ్లు కట్టేసి పరుగెత్తించడం. మే నెల తిరుపతి ఎండలో ల్యాప్‌టాప్ చల్లగా ఉన్నప్పుడు జిట్‌ను, కాగిపోయాక ఇంటర్‌ప్రెటర్‌ను నడపడం. ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకునే టర్బో ఆపేసి, ఛార్జర్ పెట్టి, రెంటినీ ఒకటి విడిచి ఒకటిగా నడిపితే ఈ కళ అంతరించిపోతుంది. కంపైల్ పని ఇంకో కోర్ మీద జరుగుతుంది కాబట్టి టైమ్ కమాండులో రియల్ (గడియారంలో గడిచిన సమయం) మాత్రమే చూపించి, యూజర్ (కోర్లన్నీ పడిన కష్టం మొత్తం) అన్న వరుసను బొటనవేలితో మూయడం. సగటులో కూడా పుణ్యముంది: ఒక ప్రోగ్రాం 100 రెట్లు వేగమై, ఇంకోటి సగం వేగానికి పడిపోతే మామూలు సగటు 50.25. రెట్లకు వాడాల్సింది గుణోత్తర సగటు. అది సుమారు 7. అంకెలు చిన్నవైతే రాకెట్ ఎగరదు.

ఇంత చేసి దాన్ని నిజం వెబ్‌సైటులో పెడితే? ఇంటర్‌ప్రెటర్‌లో గడిచేది మొత్తం సమయంలో 20 శాతం అనుకుందాం. ఆ ముక్కను 100 రెట్లు వేగం చేసినా మొత్తం మీద దక్కేది 1.25 రెట్లు. కంప్యూటర్ నిపుణుడు ఆమ్డాల్ 1967లో చెప్పిన లెక్కే. 2020 నవంబరులో వెబ్‌సైట్ల భాష పీహెచ్‌పీ 8.0 జిట్‌తో వచ్చినప్పుడు దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు: కృత్రిమ బెంచ్‌మార్కుల్లో సుమారు 3 రెట్లు, ఎక్కువసేపు నడిచే కొన్ని అప్లికేషన్లలో ఒకటిన్నర నుంచి రెండు, మామూలువి పాత 7.4తో సమానమే అని. 2024 అక్టోబరులో పైథాన్ 3.13 తన జిట్‌ను ప్రయోగాత్మకం అని చెప్పి, డిఫాల్టుగా ఆపేసి మరీ ఇచ్చింది. పాపం, వాళ్లకు మన ఫ్లెక్సీ అంగడి తెలియదు.

ప్రతి ప్రదర్శనలోనూ మూలన ఒక జట్టు ఉంటుంది. 30 ప్రాసెస్‌లు నడిపి, వార్మప్ వేరే గీతగా గీసి, "1.3 రెట్లు, రెండు ప్రోగ్రాముల్లో నెమ్మదించింది, కారణం టైపులు మారడం వల్ల డీఆప్టిమైజేషన్ (జిట్ చేసిన కోడు చెల్లక మళ్లీ ఇంటర్‌ప్రెటర్‌కు దిగడం)" అని ఏ4 కాగితం మీద అతికిస్తారు. సారు చూసి "ఇంతేనా?" అంటారు. ఇంతేనా! మొత్తం హాల్లో కొలవడం తెలిసింది ఆ పిల్లలకొక్కళ్లకే, వాళ్ల మొహాన ఇంతేనా! "ఇంకోసారి నడుపు" అనడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, నోరుంటే చాలు. నాలుగు లైన్ల లూపు చదివే ఓపిక లేనివాళ్లు శాలువా కప్పించుకోవడానికి మాత్రం ఎందుకొస్తారు? 1000 అని రాసిన పిల్లలు మోసం చేయాలని ఇల్లు వదిలి రాలేదు. 1.3కి ఆరు మార్కులు, 1000కి పది వేసి మీరే నేర్పారు. రేపు వాళ్లు ఉద్యోగంలో ఇదే అంకెను నమ్మి ఎవరిదో సర్వరు పడగొడితే ఆ శాలువాతో మొహం తుడుచుకోండి.

వచ్చే ఏడాది ఫ్లెక్సీలకు ఆర్డర్లు అప్పుడే మొదలయ్యాయి. ప్రాజెక్టు ఏదో ఇంకా తేలలేదు గానీ రాకెట్ ఖరారైంది. అంగడాయన అడిగేది ఒక్కటే: "వెయ్యా, పదివేలా సార్? సున్నాకు వేరే రేటు లేదు."