పరుగెత్తుతూ పడిపోయిన పిల్లకి పడుకోబెట్టి ఈసీజీ తీస్తే ఏం తెలుస్తుంది?

ఈసీజీ నార్మల్ అని వస్తే, పడుకోబెట్టి తీసిన ఆ పది సెకన్లూ గుండె సక్రమంగానే కొట్టుకుందని అర్థం. అంతే, దానికి మించి ఏమీ లేదు. మనవాళ్లు మాత్రం ఆ కాగితం ఫైల్లో పెట్టుకుని ఇంటికి రాగానే "గుండెకేం లేదన్నారట" అని చుట్టాలందరికీ ఫోన్లు చేసేస్తారు. నడివయసు మనిషికి గ్యాస్ నొప్పో గుండె నొప్పో తేల్చుకోడానికి ఆ కాగితం ఎంతో కొంత పనికొస్తుంది. పరుగు పందెంలో సగం దూరంలో పడిపోయిన పిల్లకి, ఈతకు దిగి ఉన్నట్టుండి మునిగిపోబోయిన కుర్రాడికి అదే కాగితం చూపించి ధైర్యం చెప్పి పంపించడం మాత్రం ప్రమాదం అంటాను. పరుగులోనో భయంలోనో మాత్రమే గుండె లయ తప్పే సీపీవీటీ అనే జబ్బు ఒకటుంది, పడుకోబెట్టి తీసిన ఈసీజీకి అది దొరకదు. ఎందుకో చెప్పాలంటే గుండె కణంలోకి దిగి క్యాల్షియం సంగతి చూడాలి. కాస్త ఓపిక పట్టండి.

క్యాల్షియం అనగానే మనకు గుర్తొచ్చేవి ఎముకల బిళ్లలు, లేదంటే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో కనిపించే క్యాల్షియం స్కోర్. ఆ స్కోర్ గుండె రక్తనాళాల గోడల్లో పేరుకుని గట్టిపడ్డ క్యాల్షియాన్ని సీటీ స్కాన్‌లో లెక్కగట్టేది, ఇక్కడ మాట్లాడే విషయంతో దానికి సంబంధం లేదు. బిళ్లలు వేసుకున్నా మానేసినా ఈ జబ్బు రాదు, పోదు. రక్తంలో క్యాల్షియం మరీ పడిపోయినా మరీ పెరిగినా ఈసీజీ మారే మాట నిజమే కానీ అది వేరే కథ. మనకు కావాల్సింది కణం లోపలి లెక్క.

అసలు క్యాల్షియం లేకపోతే గుండె కొట్టుకోదన్న సంగతి బయటపడిందే కుళాయి నీళ్ల వల్ల. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెని బయటికి తీసి ఉప్పు ద్రావణంలో ఉంచితే అది చాలాసేపు కొట్టుకుంటూ ఉండేది. ద్రావణాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కాకుండా మామూలు కుళాయి నీళ్లతో కలుపుతున్నారని తరువాత తేలింది. శుభ్రమైన నీళ్లతో మళ్లీ చేసి చూస్తే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న క్యాల్షియమే దాన్ని ఆడించిందని ఆయన 1883లో రాశారు. ఆసుపత్రిలో స్టాండుకి వేలాడే ఆర్‌ఎల్ సెలైన్, అంటే రింగర్ లాక్టేట్‌లో ఉన్న రింగర్ ఈయనే.

ఇక కణం లోపలికి వెళ్దాం. గుండె రెండు దెబ్బల మధ్య సేదతీరుతున్నప్పుడు కణం బయట ఉండే క్యాల్షియం, లోపల ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే క్యాల్షియం కంటే దాదాపు పది వేల రెట్లు ఎక్కువ. విద్యుత్ సంకేతం రాగానే కణం పొర మీదున్న చానెళ్లు తెరుచుకుని కొద్దిపాటి క్యాల్షియం లోపలికి వస్తుంది. కండరం ముడుచుకోడానికి అది చాలదు. కాకపోతే కణం లోపల క్యాల్షియం దాచిపెట్టుకునే అరలు ఉంటాయి, వాటిని సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ అంటారు. వాటిని చెరువు అనుకుంటే దానికో తూము ఉంది, పేరు రయానోడిన్ రిసెప్టర్. బయట నుంచి వచ్చిన ఆ కాస్త క్యాల్షియం తగలగానే తూము తెరుచుకుని లోపల దాచినదాంట్లో చాలా భాగం ఒక్కసారిగా బయటపడుతుంది, కణం ద్రవంలో క్యాల్షియం ఇంచుమించు పది రెట్లవుతుంది, కండరం ముడుచుకుంటుంది. ఆ వెంటనే తూము మూసుకోవాలి, వచ్చిన క్యాల్షియం వెనక్కి పోవాలి. ఎక్కువ భాగాన్ని సెర్కా అనే పంపు మళ్లీ అరల్లోకి తోడేస్తుంది, మిగిలినదాన్ని సోడియం-క్యాల్షియం ఎక్స్ఛేంజర్ కణం బయటికి గెంటేస్తుంది. ఇదంతా సెకను లోపే, రోజుకి లక్ష సార్లు.

సెర్కా పంపు నడవాలంటే కణానికి ఇంధనం లాంటి ఏటీపీ ఖర్చవుతుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా గుర్తించారు). గుండె గురించి రాస్తూ ఈ మాట దాటేయబుద్ధి కాలేదు.

అసలు చిక్కంతా ఆ ఎక్స్ఛేంజర్ దగ్గరుంది. అది ఒక క్యాల్షియం అయాన్‌ని బయటికి పంపడానికి మూడు సోడియం అయాన్లను లోపలికి రానిస్తుంది. క్యాల్షియం మీద రెండు ధనావేశాలు, మూడు సోడియంల మీద మూడు. లెక్క చూస్తే ప్రతి మార్పిడికీ ఒక ధనావేశం లోపల మిగిలిపోతుంది, అంటే కణంలోకి సన్నగా కరెంటు వస్తున్నట్టే. మామూలుగా ఇదేం ఇబ్బంది కాదు. రెండు దెబ్బల మధ్య గుండె సేదతీరాల్సిన ఆ క్షణంలో రయానోడిన్ రిసెప్టర్ సరిగ్గా మూసుకోకుండా క్యాల్షియం కారిపోతే మాత్రం, కారిన క్యాల్షియాన్ని ఎక్స్ఛేంజర్ బయటికి తోస్తుంది, తోసిన కొద్దీ ధనావేశం పేరుకుంటుంది, అది ఒక హద్దు దాటితే ఎవరూ అడగని దెబ్బ ఒకటి పుడుతుంది. పైనుంచి సంకేతం రాలేదు, గుండె లయని నడిపే పేస్‌మేకర్ కణాలు చెప్పలేదు, అయినా గుండె కొట్టుకుంది. ఇలాంటివి ఒకటీ అరా అందరికీ పడుతుంటాయి, గుండె దడుక్కుమన్నట్టుంటుంది, భయపడక్కర్లేదు. వరసగా పడితేనే లయ తప్పి, రక్తం పంపడం ఆగి, మెదడుకి అందక మనిషి పడిపోతాడు.

మరి పడుకున్నప్పుడు ఎందుకు కనబడదు? అడ్రినలిన్ లేదు కాబట్టి. పరుగెత్తినా భయపడినా కోపం వచ్చినా అడ్రినలిన్ పెరుగుతుంది. అది పొర మీది చానెళ్ల నుంచి ఎక్కువ క్యాల్షియాన్ని రానిస్తుంది, సెర్కా పంపుకి ఉన్న బ్రేకు తీసేస్తుంది, దాంతో లోపలి అరలు నిండిపోతాయి. మామూలు రిసెప్టర్ ఆ నిండుదనాన్ని తట్టుకుంటుంది. జన్యులోపంతో పుట్టినది తట్టుకోలేదు. మొదట్లో చెప్పిన సీపీవీటీ ఇదే (పూర్తి పేరు నోరు తిరగదు, వదిలేద్దాం). పదివేల మందిలో ఒకరికి ఉండొచ్చని అంచనా. పిల్లల్లో, టీనేజీలో బయటపడుతుంది. గుండె ఆకారం బాగుంటుంది కాబట్టి టూడీ ఎకోలో ఏమీ ఉండదు, మామూలు ఈసీజీలోనూ ఉండదు.

అదే పిల్లని ట్రెడ్‌మిల్ ఎక్కించి టీఎంటీ చేస్తే కథ వేరేలా ఉంటుంది. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ ఉండదు. గుండె వేగం నిమిషానికి 110, 120 దగ్గరికి రాగానే ఒక అదనపు దెబ్బ, కాసేపటికి ఇంకొకటి, తరువాత మామూలు దెబ్బ ఒకటీ అదనపు దెబ్బ ఒకటీ చొప్పున, ఆపైన జంటలుగా. ఇంకా పరుగెత్తిస్తే కొందరిలో ఈసీజీ గీత ఒక దెబ్బకి పైకి, తరువాతి దెబ్బకి కిందికి తిరగబడుతూ పోతుంది. ట్రెడ్‌మిల్ ఆపేస్తే ఒక్కొక్కటిగా అన్నీ సర్దుకుంటాయి, ఐదు నిమిషాల తరువాత ఈసీజీ మళ్లీ నార్మల్. ఇలా పైకీ కిందికీ తిరగబడే గీత డాక్టర్లకి ఇంకో చోట కూడా కనిపిస్తుంది, డిజాక్సిన్ మందు మోతాదు మించినవాళ్లలోనూ, గన్నేరు విషం ఎక్కినవాళ్లలోనూ. అక్కడ లోపం జన్యువుది కాదు, కణంలో సోడియం పెరిగి దాని వల్ల క్యాల్షియం బయటికి పోలేక పేరుకుపోతుంది. దారి వేరైనా చివరికి జరిగేది అదే, అరలు పొంగి కారడం.

ఇదంతా రహస్యమేం కాదు. రయానోడిన్ రిసెప్టర్ జన్యువులో లోపం ఉందని 2001లోనే తేలింది. అదే ఏడాది, అరల్లో క్యాల్షియాన్ని పట్టి ఉంచే కాల్సీక్వెస్ట్రిన్ అనే ప్రొటీన్‌లోని లోపాన్ని ఉత్తర ఇజ్రాయెల్‌లో దగ్గరి సంబంధాలు చేసుకునే బెదూయిన్ కుటుంబాల్లో గుర్తించారు. ఈ రెండో రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే జబ్బుగా బయటపడుతుంది. మేనరికాలు ఇంకా జరుగుతున్న తెలుగు రాష్ట్రాల్లో ఈ ముక్క డాక్టర్లకే కాదు, పెళ్లి సంబంధాలు చూసే పెద్దవాళ్లకి కూడా తెలియాలి. మొదటి రకానికి ఒక్కరి నుంచి వస్తే చాలు, అంటే బిడ్డకి ఉందంటే తల్లినీ తండ్రినీ అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనీ అందరినీ చూడాలి.

మన దగ్గర మాత్రం ఇలాంటి పిల్లలు ఎక్కడ తేలతారు? చాలాసార్లు ఫిట్స్ లెక్కలో. మెదడుకి రక్తం అందకపోతే చేతులూ కాళ్లూ కొట్టుకుంటాయి, చూసినవాళ్లు తాళాల గుత్తి చేతిలో పెడతారు, న్యూరాలజీకి పంపుతారు, ఏళ్ల తరబడి ఫిట్స్ బిళ్లలు నడుస్తాయి. ఇది ప్రపంచమంతటా జరిగే పొరపాటే, మనల్ని మాత్రమే తిట్టుకోనక్కర్లేదు. అలాగని కళ్లు తిరిగిన ప్రతి పిల్లనీ ట్రెడ్‌మిల్ ఎక్కించమనీ అనను. ప్రేయర్‌లో ఎండలో చాలాసేపు నిలబడి, చెమటలు పట్టి, కళ్ల ముందు చీకట్లు కమ్మి మెల్లగా ఒరిగిపోవడం వేరు, అది దాదాపు ఎప్పుడూ ప్రమాదం లేనిదే. పరుగు మధ్యలో, ఈత మధ్యలో, భయంతో ఉలిక్కిపడ్డ క్షణంలో ముందు హెచ్చరిక లేకుండా చెట్టు కూలినట్టు పడిపోవడం వేరు. ఎలా పడింది, ఏం చేస్తుండగా పడింది అన్న ఈ రెండు ప్రశ్నలకి ఖర్చేమీ లేదు, కానీ క్యూలో యాభై మంది ఉన్న ఓపీలో అవే ముందు ఎగిరిపోతాయి.

ఇక ప్రాణం పోయాక జరిగేది ఇంకా అన్యాయం. మైదానంలోనో క్లాసులోనో పిల్లాడు కుప్పకూలితే మరుసటి రోజు పేపర్లో గుండెపోటుతో మృతి అని వస్తుంది. గుండెపోటు అంటే రక్తనాళం మూసుకుపోవడం, పద్నాలుగేళ్ల పిల్లల్లో అది చాలా అరుదు. పోస్ట్‌మార్టంలో నాళాలు బాగుంటాయి, కండరం బాగుంటుంది, లయ తప్పిన ఆనవాలు శవంలో మిగలదు కాబట్టి కార్డియాక్ అరెస్ట్ అని రాసి ముగిస్తారు. గుండె ఆగిపోవడం చావుకి కారణం ఎలా అవుతుంది, చచ్చిపోయిన ప్రతివాడిదీ ఆగుతుంది కదా! అప్పుడే కాస్త రక్తం తీసి, గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ ట్యూబులో భద్రపరిస్తే తరువాత జన్యు పరీక్ష చేయొచ్చు, ఇంట్లో మిగిలిన పిల్లల్ని కాపాడొచ్చు. ఆ పని జరగనందుకే ఖాళీ జాగాలోకి వాట్సాప్ సిద్ధాంతాలు వచ్చి కూర్చుంటున్నాయి. కోవిడ్ టీకా వల్లే కుర్రాళ్లు పోతున్నారన్న ప్రచారం మీద 18 నుంచి 45 ఏళ్ల వాళ్లలో ఐసీఎంఆర్ చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా ముప్పు పెంచలేదని తేల్చింది, ముప్పు పెంచే వాటిలో ఒకటిగా కుటుంబంలో హఠాన్మరణం ఉండడాన్ని చూపించింది. టీకా మాట అందరూ చదివారు, రెండోది ఎవరికీ పట్టలేదు.

వైద్యం ఉందా అంటే ఉంది, అందులో ఒక విచిత్రం కూడా ఉంది. మొదటి మందు బీటా బ్లాకర్, అడ్రినలిన్‌ని అడ్డుకునేది, నాడొలాల్ లేదా ప్రొప్రనొలాల్. అది చాలకపోతే ఫ్లెకైనైడ్. ఈ ఫ్లెకైనైడ్‌కి చెడ్డపేరుంది. గుండెపోటు వచ్చి బతికినవాళ్లలో అదనపు దెబ్బలు తగ్గించడానికి దాన్ని ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్ల కంటే ఎక్కువ మంది చనిపోతున్నారని తేలి 1989లో కాస్ట్ అనే ట్రయల్లో దాన్ని ఆపేశారు. ఇరవై ఏళ్ల తరువాత, 2009లో, అదే మందు సీపీవీటీ ఉన్న ఎలుకల్లోనూ ఇద్దరు రోగుల్లోనూ లయని అదుపు చేసిందని వచ్చింది, 2017లో 14 మంది మీద జరిగిన చిన్న ట్రయల్ కూడా దాన్ని నిలబెట్టింది. అది రయానోడిన్ రిసెప్టర్‌నే మూస్తుందా, సోడియం చానెళ్లని ఆపడం వల్లే పనిచేస్తుందా అన్న గొడవ శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగలేదు. పిల్లల తల్లిదండ్రులకి ఆ గొడవతో పనిలేదు గానీ, గుండెపోటుతో మచ్చ పడ్డ గుండెలో చంపిన మందు మచ్చలేని గుండెలో కాపాడుతోందంటే, జబ్బు పేరు కాకుండా లోపల జరిగేది చూసి మందు ఎంచుకోవాలన్నది ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

అయితే లోపలి యంత్రాంగం అర్థమైతే చాలు వైద్యం వచ్చేస్తుందని కూడా అనుకోకూడదు. హార్ట్ ఫెయిల్యూర్‌లో సెర్కా పంపు తగ్గుతుంది కదా, ఆ జన్యువుని వైరస్ ద్వారా గుండెకి ఎక్కిస్తే సరి అనుకుని 250 మందితో క్యూపిడ్ 2 ట్రయల్ చేశారు, జంతువుల్లో బ్రహ్మాండంగా పనిచేసినది మనుషుల్లో తేలిపోయింది. నిమిషానికి ఐదారు వందల సార్లు కొట్టుకునే ఎలుక గుండె క్యాల్షియాన్ని దాదాపుగా సెర్కా మీదే వదిలేస్తుంది, మన గుండెలో ఎక్స్ఛేంజర్ వాటా చాలా ఎక్కువ. ఎలుకల్లో లయ కుదిరిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఈ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేయడానికి ఛాతీలో పెట్టే ఐసీడీ యంత్రం విషయంలోనూ తొందర పనికిరాదు. అది ఇచ్చే షాక్ నొప్పికి, భయానికి అడ్రినలిన్ మళ్లీ ఎగదన్నుతుంది, దాంతో లయ మళ్లీ తప్పుతుంది, యంత్రం మళ్లీ షాక్ ఇస్తుంది. అందుకే ముందు మందులు గట్టిగా కుదరాలి, అవసరమైతే గుండెకి ఎడమవైపు నుంచి వెళ్లే, గుండెని ఉరకలెత్తించే సింపథెటిక్ నరాలని కత్తిరించే ఆపరేషన్ ఉంది.

ఇక రోజువారీ సంగతికొస్తే, ఈ పిల్లలు మళ్లీ పడిపోయిన సందర్భాల్లో తరచుగా తేలేది ఒకటే, మందు మానేశారని. బీటా బ్లాకర్ వేసుకుంటే నీరసంగా ఉంటుంది, పడకుండా ఏడాది గడిస్తే ఇక అక్కర్లేదనిపిస్తుంది. ఇంటర్ హాస్టల్లో చేర్పించే తల్లిదండ్రులు బిళ్లలు ట్రంకు పెట్టెలో పెట్టి వచ్చేస్తే సరిపోదు. ఒంటరిగా ఈతకు పంపకూడదని, పీఈటీ సారు పరుగు పందేల్లో పెట్టకూడదని, పూట తప్పకుండా మందు వేసుకుంటోందో లేదో చూడాలని, పడిపోయి పలక్కుండా, ఊపిరి సరిగ్గా లేకుండా ఉంటే తాళాల కోసం వెతక్కుండా వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి 108కి ఫోన్ చేయాలని వార్డెన్‌కి కాగితం మీద రాసి ఇవ్వాలి. తమ్ముడికీ చెల్లికీ టీఎంటీ చేయించారా అని డాక్టరు అడగకపోతే మీరే అడగండి. గుండె డాక్టర్ల పర్యవేక్షణలో, షాక్ మెషీన్ పక్కనే ఉన్న చోట చేయించండి. ఒక్క టీఎంటీ బాగున్నంత మాత్రాన ఈ జబ్బు లేదని చెప్పలేరు కాబట్టి, పడిపోయిన బిడ్డలో జన్యులోపం దొరికిన ఇళ్లలో మిగతావాళ్లకి రక్తం తీసి జన్యు పరీక్ష కూడా చేయించాల్సిందే.